మూడో సీటు

శుక్రవారం పొద్దున్నే డేవిడ్‌రాజు రెండు కర్చీఫులు మడిచి జేబులో పెట్టుకున్నాడు. చందన చూసింది. ముఖం తుడుచుకునే మనిషికి ఒకటి చాలు.

సిమెంటు ఫ్యాక్టరీలో అతనికి శుక్రవారం సెలవు. ఆరోజు బెజవాడ వెళ్ళి కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటున్నాడు. ఎక్స్‌ప్రెస్ ఎక్కడు. జగ్గయ్యపేటలో ఆర్డినరీ బస్సెక్కి నందిగామలో దిగుతాడు. అక్కణ్ణుంచి ఒకటి కంచికచర్లకు, ఇంకోటి బెజవాడకు. చార్జీ తగ్గుతుంది. ఆ పొదుపు చూసి మొన్నటిదాకా చందన మురిసిపోయేది. నిన్న పక్కింటి బేబి చెప్పిన మాటతో ఆ మురిపెం విరిగిపోయింది. నందిగామ స్టాండులో డేవిడ్‌రాజు కిటికీలోంచి రెండు కర్చీఫులు వేసి సీట్లు ఆపాడట. ఒకటి ఎవరో ఆవిడకట. ఆకుపచ్చ చీరట. ముఖం మాత్రం కనపడలేదట.

"ఇవాళ నేనూ వస్తా" అంది.

"మూడు బస్సులు మారాలి చందూ. నడుం విరుగుద్ది."

"ఆవిడకి విరగట్లేదుగా?"

చెప్పులు వేసుకుంటున్నవాడు ఆగాడు. బస్సు టైమైందంటూ బయటికి నడిచాడు. ఆ తప్పించుకోవడమే ఆమెను తరిమింది. తాళం వేసి పరుగున వెళ్ళి అదే బస్సెక్కి, వెనక సీట్లోంచి అతని మెడనే చూస్తూ కూర్చుంది.

నందిగామ ఆమె పుట్టిన ఊరు. ఏడేళ్ళుగా అక్కడ కాలు పెట్టలేదు. కోమట్ల ఇంటి పిల్ల క్రైస్తవుల అబ్బాయిని చేసుకుందని తల్లి వాసవాంబ తలుపేసిన ఊరది.

స్టాండులో కంచికచర్ల బస్సు వచ్చింది. డేవిడ్‌రాజు కర్చీఫులు వేశాడు. తర్వాత స్తంభం దగ్గరున్న ఆకుపచ్చ చీరకు చెయ్యందించి ఎక్కించాడు. చందన జనాన్ని తోసుకుంటూ ఎక్కింది.

"లేవండి. ఆ కర్చీఫు అంచు కుట్టింది నేను."

ఆవిడ తిరిగింది. నల్లకళ్ళద్దాలు. చేతిలో వేరుశనక్కాయల పొట్లం. వాసవాంబ.

చందనతో ఏడేళ్ళు పలకని అమ్మ, ఈయన పక్కన కూర్చుని కాయలు ఒలుచుకుంటోంది. పరాయి ఆడదాని మీద అసూయకంటే ఇది ఎక్కువ మండింది.

కంటి ఆపరేషన్ తర్వాత ఆవిడకు బోర్డులు ఆనడం లేదనీ, వారం వారం చూపించుకునే బెజవాడ ఆసుపత్రికని మూడు నెలల క్రితం బయల్దేరి పొరపాటున మైలవరం బస్సెక్కబోతుంటే ఆపాననీ డేవిడ్‌రాజు మెల్లగా చెప్పాడు. తనెవరో ఆవిడకు చెప్పలేదట, ఈ సంగతి ఇంట్లోనూ చెప్పలేదట. చెబితే ఆవిడ మళ్ళీ వారం రారని భయం.

"బోర్డు ఆనకపోతే మనిషి ఆనడా అబ్బాయ్?" అంది వాసవాంబ. "మొదటిరోజే పోల్చా. ఆ మాట అంటే నువ్వు రావడం మానేస్తావని ఊరుకున్నా."

"నాకొక్క కబురు పెట్టలేకపోయావా అమ్మా?"

"నువ్వొచ్చావా?"

బస్సు కదిలింది. చందన కడ్డీ పట్టుకుని నిలబడింది. వాళ్ళ పక్కన మూడో సీటు ఖాళీగానే ఉంది. దాని మీద తల్లి పాత తువ్వాలు.

"ప్రతివారం వేస్తారు" అన్నాడు డేవిడ్‌రాజు. "కండక్టరు గొడవపడినా తియ్యరు. మనిషి వస్తుందంటారు."

వాసవాంబ తడుముకుంటూ తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"కూర్చో. నిలబడి ఎంత దూరం వస్తావు?"