అన్నయ్య దోటి రిపేరు

మా అన్నయ్య దోటీల షాపుకు మొదటిసారి వెళ్ళింది పోట్లాడడానికి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఇప్పుడు అడిగితే "చూడగానే మనసుపడ్డాను" అని కోతలు కోస్తాడు. అంతా అబద్ధం. పక్కన నేనున్నాను.

మాది కాయలు కోసే ముఠా. తోటలవాళ్ళు పిలిస్తే వెళ్ళి మామిడికాయలు కోసి, పెట్టెలకెక్కించి వస్తాం. నాన్న చెట్టెక్కుతాడు. నాన్నకు అందని చివరి కొమ్మల కాయల్ని అన్నయ్య కింద నిలబడి దోటితో కోస్తాడు. దోటి అంటే పొడుగాటి కర్ర, దాని కొసన ఒక రింగు, రింగుకు బ్లేడు, కాయ పడడానికి చిక్కం. అమ్మా నేనూ నీడలో కూర్చుని కాయల సొన కారుస్తాం. చెట్టు మీద కాయ బొటనవేలంత తొడిమతో తెగాలి. మొదలంటా తెగితే సొన చిమ్మి కాయంతా నల్లటి చారలు పడతాయి, అలాంటి కాయను ఎవరూ ముట్టుకోరు.

ఆ ఏడు కొన్న కొత్త దోటితో అన్నయ్య కోసిన కాయలన్నీ చారలు పడ్డాయి. "ఆ షాపువాడి సంగతి తేల్చేస్తా!" అని దోటిని భుజాన వేసుకుని బయల్దేరాడు. వీధి మలుపు తిరిగినప్పుడల్లా వెనక నేను "తప్పుకోండి, తప్పుకోండి" అని అరుస్తూ నడిచాను.

షాపంటే ఒక పొడుగాటి గది. గోడ నిండా అల్యూమినియం గొట్టాలు, దూలానికి వేలాడుతున్న చిక్కాలు, బల్ల మీద రింగులు, బ్లేడ్లు. షాపువాడు లేడు. షాపమ్మాయి ఉంది. రింగు చుట్టూ చిక్కం అల్లుతూ, మునిపంటితో దారం తెంపుతోంది.

"ఇదేనా మీరమ్మే దోటి?" అన్నాడు అన్నయ్య గుమ్మంలోంచే.

"దోటిలాగే ఉంది కదా. గొడుగనుకున్నారా?" అంది తలెత్తకుండా.

నాకు ఆ అమ్మాయి అప్పుడే నచ్చేసింది.

"జోకులొద్దు. తొడిమలు మొదలంటా తెగుతున్నాయి. కాయలన్నీ పాడైపోయాయి. ఇదేం క్వాలిటీ?"

ఆ అమ్మాయి దోటిని అందుకుని రింగు కేసి చూసింది. తర్వాత అన్నయ్య కేసి చూసింది. రెండోసారి చూసిన చూపులో జాలి ఉంది.

"బ్లేడు ఎవరు విప్పారు?"

"నేనే. తుడుద్దామని."

"తుడిచి తిరగేసి బిగించారు. తప్పు దోటిదన్నమాట."

ఇంకొకరైతే అక్కడే సారీ చెప్పి బయటపడేవాళ్ళు. మా అన్నయ్యకు అంత జ్ఞానం ఎక్కడిది? ఛాతీ విరుచుకుని, "గ్యారంటీ ఉందా దీనికి?" అనడిగాడు.

"దోటికుంది. వాడేవాళ్ళకి లేదు."

తిరిగి వస్తూ "ఎంత పొగరు!" అన్నాడు. వీధి చివర మళ్ళీ "అబ్బ, ఏం పొగరే!" అన్నాడు. ఇల్లు చేరేసరికి అదే మాట నవ్వుకుంటూ అంటున్నాడు. వీడి పని అయిపోయిందని నాకు అర్థమైంది.

ఆ తర్వాత మా దోటికి లేని రోగం లేదు. ఒకరోజు రింగు ఊగుతుంది. ఇంకోరోజు బ్లేడు కదులుతుంది. మరోరోజు చిక్కం వేలాడుతుంది. సాయంత్రం కాగానే అన్నయ్య తల దువ్వుకుని, దోటిని తీసుకుని, "అర్జెంటు రిపేరు" అంటూ బయల్దేరేవాడు. రిపేరుకు తల దువ్వుకోవడం ఎందుకో ఆ దేవుడికే తెలియాలి.

నాకూ తెలిసింది. ఒకసారి పెరటి మెట్ల మీద కూర్చుని, పానాతో రింగు బోల్టును వదులు చేస్తూ దొరికిపోయాడు.

"ఛీ! నీకు సిగ్గుందా అన్నయ్యా?"

"అమ్మతో చెప్పకే. నీకు పుణ్యముంటుంది."

"ఇష్టమైతే వెళ్ళి ఇష్టమని చెప్పొచ్చుగా? మధ్యలో దోటి ఏం పాపం చేసింది?"

"చెప్తే? 'పోవయ్యా' అంటే? ఇక షాపుకు ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి?" అన్నాడు. తాటిచెట్టంత మనిషి, బోల్టంత ధైర్యం లేదు.

ఒకరోజు జోరున వాన. ఆ వానలోనూ వెళ్ళాడు. గొడుగు ఒక్కటే ఉన్నా నన్నూ లాక్కెళ్ళాడు, గొడుగును మాత్రం దోటి రింగుకు పట్టాడు.

"వానలో కాయలు కోస్తారా ఎవరైనా?" అనడిగింది షాపమ్మాయి, మమ్మల్ని చూసి తువ్వాలు నాకు మాత్రమే ఇస్తూ.

"రేపు తెరిపిస్తుంది కదా అని..."

"అయితే రేపు రావాల్సింది."

"వచ్చేశాం కదా."

"మీ చేతిలో ఏముందండీ? మీరు పట్టుకున్నదల్లా వదులైపోతోంది" అంటూ బోల్టు కేసి చూసింది. బల్ల మీద వెతికింది. "నా పదో నంబరు పానా ఒకటి కొన్నాళ్ళుగా కనపడ్డం లేదు. మీరేమైనా చూశారా?"

"పానానా? అంటే ఏంటి?" అన్నాడు అన్నయ్య.

ఊహ తెలిసినప్పట్నుంచి దోటీల మధ్య పెరిగిన మనిషి. పానా అంటే ఏంటట! నేను తువ్వాలులో మొహం దాచుకున్నాను. ఆ అమ్మాయి వాడి మొహంలోకి కాస్త ఎక్కువసేపే చూసింది. తర్వాత ఇంకో పానా తీసి బోల్టు బిగించింది. వాన వెలిసేదాకా ఇద్దరూ చిక్కాల గురించి మాట్లాడుకున్నారు. చిక్కాల గురించి అంతసేపు మాట్లాడడానికి ఏముంటుందండీ?

ఇక మా నాన్న సంగతి. దోటి పేరెత్తితేనే ఆయన మూతి వంకరపోతుంది. "కింద నిలబడి ఆకాశాన్ని గోకడం కూడా ఒక పనేనా?" అంటాడు. కిందటి కాపులో చెట్టు మీద ఆయనకు కళ్ళు తిరిగాయి. కొమ్మను కావలించుకుని కదల్లేకపోతే నిచ్చెన వేసి దించాం. ఇంక చెట్టెక్కితే ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పాడు. నాన్న మందులు మాత్రం తెచ్చుకుని, ఆ సలహాను డాక్టరు దగ్గరే వదిలేసి వచ్చాడు. ఈ కాపుకు మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టాడు. ఆయన పైన ఉన్నంతసేపూ అమ్మ చేతిలో కాయ కదిలేది కాదు.

చివరికి అమ్మే ఒక బేరం పెట్టింది.

"చూడయ్యా, ఒక్క చెట్టు దోటితో కొయ్యి. బాగుంటే ఇంక ఎక్కొద్దు. బాగాలేదా, నీ ఇష్టం. దిగమని ఈ నోటితో మళ్ళీ ఎప్పుడూ అనను."

"మాటంటే మాటేనా?"

"మాటే."

నాన్న కోసమే ప్రత్యేకంగా ఒక దోటి చేయించాలని ఆయన్ను షాపుకు తీసుకెళ్ళాం. షాపమ్మాయి కొలత తీసుకుంటూ, "బాబాయ్‌గారూ, ఒక్కసారి చెయ్యి పైకెత్తండి" అంది.

అన్నయ్య మొహం మాడిపోయింది. దారిపొడుగునా ఒకటే గొణుగుడు. "బాబాయ్ అందేంటే?"

"మర్యాదగా పిలిచింది."

"నాన్న బాబాయ్ అయితే నేనేమవుతాను?"

"నువ్వే ఆలోచించుకో అన్నయ్యా. నేను మాత్రం నిన్ను అలాగే పిలుస్తున్నా." మా అన్నయ్యకు ఆ రాత్రి అన్నం సయించలేదు. నాకు మాత్రం రెండు ముద్దలు ఎక్కువే దిగాయి.

కొత్త దోటి తయారైంది. తేలికైన గొట్టం, నాన్న పట్టుకు సరిపడా తోలు చుట్టిన పిడి, తొడిమ బొటనవేలంత మిగిలేలా రింగులో చిన్న గాడి. ముందురోజు సాయంత్రం అన్నయ్య దాన్ని ఇంటికి తెచ్చాడు. మర్నాడు పొద్దున తోటలో పరీక్ష. తోట ఆసామి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తన దోటి ఎలా కోస్తుందో చూసుకుందామని షాపమ్మాయి కూడా వచ్చింది. ఆ అమ్మాయిని చూడగానే అన్నయ్య ఎందుకో తెల్లబోయాడు. సిగ్గేమో అనుకున్నాను. నాదీ బుద్ధి తక్కువే.

నాన్న దోటిని చీపురుపుల్ల పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. మొదటి కాయ చిక్కంలోకి దిగింది. తీసి తొడిమ పక్కన బొటనవేలు పెట్టి చూశాడు. సరిగ్గా ఉంది. "ఊఁ" అన్నాడు. రెండో కాయకు రెండు చేతులతో పట్టుకున్నాడు. ఇంకో రెండు కాయలయ్యాక ఆయన మూతి వంకర కాస్త తగ్గింది. అమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరగడం నేను చూశాను.

అప్పుడు ఊడింది రింగు. చిక్కం, కాయ, బ్లేడు అన్నీ కలిసి నాన్న మీద పడ్డాయి. కాయ పాదాల దగ్గర చితికింది. బ్లేడు భుజం మీద చొక్కాను చీరేసింది. ఇంకాస్త ఇటు పడుంటే మెడ.

నాన్న దోటిని అవతల పారేశాడు. "చూశావుగా? మాటంటే మాట!" అని అమ్మతో అని, చకచకా చెట్టెక్కేశాడు.

అమ్మ నోరు తెరిచింది. ఇచ్చిన మాట గుర్తొచ్చి మళ్ళీ మూసేసుకుంది.

"ఏమ్మాయ్, ఇలాంటివి ఇంక ఏ తోటలోనూ అమ్మకు. మనుషులు చస్తారు" అన్నాడు ఆసామి.

షాపమ్మాయి కిందపడ్డ రింగును తీసి బోల్టును వేలితో తడిమింది. మెల్లగా తలెత్తి అన్నయ్య కేసి చూసింది. నేనూ చూశాను. వాడి చొక్కా జేబులోంచి పానా కొస కనపడుతోంది.

"నువ్వు చెప్తావా, నేను చెప్పనా?" అన్నాను వాడి చెవిలో.

నేనైతే పారిపోతాడనుకున్నాను. పారిపోలేదు. చెట్టు మొదట్లోకి వెళ్ళి నిలబడ్డాడు.

"నాన్నా, దిగు! దోటి తప్పేం లేదు. బోల్టు నేనే వదులు చేశా."

పైన ఆకుల్లో కదలిక ఆగింది. "ఏమన్నావురా?"

"ఒక్క చుట్టే వదిలా. సాయంత్రం దాకా ఆగుతుందనుకున్నా."

"ఎందుకురా?"

"సాయంత్రం షాపుకెళ్దామని."

"షాపుకెందుకు?"

"రిపేరుకి."

"పాడుచేసి రిపేరుకా? పిచ్చి పట్టిందా నీకు?"

"పట్టింది నాన్నా. ఆ అమ్మాయంటే నాకు ఇష్టం. ఆ మాట చెప్పే ధైర్యం లేక ఇన్నాళ్ళూ దోటిని అడ్డం పెట్టుకున్నా. ఇందాక బ్లేడు నీ మీద పడుతుంటే నా ప్రాణం పోయింది. నన్ను తిట్టు, కొట్టు. ముందు దిగు."

నాకు బుద్ధి తెలిశాక నేను వెక్కిరించలేకపోయిన మాట అదొక్కటే.

ఆసామి కట్టుకున్న చేతులు విప్పేశాడు. అమ్మ నుదురు కొట్టుకుంది. షాపమ్మాయి మాత్రం రింగు పట్టుకుని తిన్నగా అన్నయ్య ముందుకు వచ్చింది.

"మొదటిసారే తెలుసు నాకు. బోల్టు దానంతటది వదులైతే పానా గీతలు పడవు. తెలిసీ రోజూ ఎందుకు బిగించి ఇచ్చానో, బుర్రంటూ ఉంటే మీకే తెలిసేది."

"అంటే..."

"మాట్లాడకండి! పాత దోటితో ఆడుకున్నారు, ఊరుకున్నా. నేనూ నవ్వుకున్నా. ఇది మీ నాన్నగారు నేల మీద ఉండాలని చేసిన దోటి. రెండుసార్లు విప్పి రెండుసార్లు బిగించుకున్నా దీన్ని. దీన్ని కూడా వదల్లేదే మీరు! ఆ బ్లేడు మెడ మీద పడుంటే మీరు ఎవరి షాపుకొచ్చేవారు?"

అన్నయ్య తల దించుకున్నాడు. ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. కోపమో, ఏడుపో, రెండూనో.

నాన్న మాత్రం దిగలేదు. అదేం పౌరుషమో మరి, కొడుకు తప్పని తేలినా ఎక్కినవాడు దిగితే పరువు పోతుందనుకున్నాడు కాబోలు. ఆయన కొమ్మను రెండు చేతులా కావలించుకోవడం మాకు కింద నుంచే కనిపిస్తోంది. అమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది. దిగమని అనకూడదు. అననని మాటిచ్చింది.

షాపమ్మాయి చెట్టు కిందికి నడిచి తలెత్తింది.

"మావయ్యగారూ, దిగండి."

పైన ఆకుల్లోంచి నాన్న తల బయటికొచ్చింది.

"ఏమన్నావ్?"

"దిగమన్నా."

"దానికి ముందు."

"మావయ్యగారూ అన్నా."

"మొన్న బాబాయ్ అన్నావుగా!"

"మొన్నటికి మీ అబ్బాయి నోరు విప్పలేదుగా. మీరు దిగకపోతే మళ్ళీ బాబాయ్ అనే అంటా. మీ ఇష్టం."

"బెదిరిస్తున్నావా అమ్మాయ్?"

"అవునండీ."

నాన్న దిగాడు. ఒక్కో కొమ్మే చూసుకుంటూ, మధ్యలో ఒకసారి కళ్ళు మూసుకుని ఆగి, మళ్ళీ కదిలి, మెల్లగా దిగాడు. కాళ్ళు నేలకు ఆనగానే అమ్మ చిరిగిన చొక్కా భుజాన్ని పట్టుకుని గట్టిగా ఒక్క చరుపు చరిచింది. చరవనని మాత్రం ఆమె మాటివ్వలేదు.

నాన్న దోటిని తనే ఏరుకొచ్చి షాపమ్మాయికి అందించాడు. "బిగించి ఇవ్వు. ఇంకా చెట్టు నిండా కాయలున్నాయి. వీడిని మాత్రం దీని దగ్గరికి రానివ్వకు."

ఆ అమ్మాయి రింగును గొట్టానికి తొడిగి, అన్నయ్య వైపు తిరక్కుండానే అరచెయ్యి చాపింది.

మా అన్నయ్య తెలివి చూడండి. ఆ చేతి కేసి చూశాడు. మా అందరి కేసి చూశాడు. గుటక మింగి, తన చెయ్యి తీసుకెళ్ళి ఆ చేతిలో పెట్టాడు.

వదిన ఆ చేతిని వెంటనే విదిలించలేదు. కానీ గొంతు మాత్రం కటువుగానే ఉంది.

"చెయ్యి సంగతి తర్వాత. ముందు నా పానా ఇవ్వండి."