మెట్ల మధ్య బండ

ఫిల్మ్ నగర్లో వీరరాఘవయ్య గారి ఆఫీసుకి చెడ్డపేరు. చీకటిపడితే ఆ మెట్లెక్కడానికి ఎవరికీ కాళ్లు రావు. మెట్ల మధ్యనున్న బండ... ఏడుస్తుందట.

కొండంతా రాళ్లే ఉన్న రోజుల్లో ఇక్కడ లేచిన మొదటి ఆఫీసుల్లో అదొకటి. ఏనుగంత బండ అడ్డొస్తే, పేల్చనివ్వకుండా దాని చుట్టూ మెట్లు తిప్పించాడాయన. మెట్ల పక్కనున్న పడమటి గోడంతా చిల్లుల ఇటుక. మండు వేసవిలోనూ లోపల చల్లగాలి ఆడేది.

ఆయన పోయాక కొడుకు రవిచంద్ర ఆ గోడకి ప్లైవుడ్ కొట్టించి ఏసీలు బిగించాడు. ఇప్పుడు మొత్తం పడగొట్టి అద్దాల మేడ కడతాడట. సినిమాలు తీసి తీసి, కట్టడమంటే సెట్టే అనుకున్నాడు.

ఏడుపు మొదలై మూడు నెలలు. పై అంతస్తుల్లో అద్దెకున్న వాళ్లంతా ఖాళీ చేసేశారు. మిగిలింది హిమజ ఒక్కతే. డబ్బింగ్ ఆర్టిస్టు. కింది గదిలో కొత్తవాళ్లకి డైలాగు చెప్పడం నేర్పుతుంది.

ఆ రాత్రి క్లాసు ముగించి తాళం వేస్తుంటే — మొదలైంది. సన్నగా... వెక్కి వెక్కి...

"పైకి పోకుండ్రి మేడం," వాచ్‌మన్ గుసగుసగా అన్నాడు. "ఎవరో ఆడామె ఆత్మ అంటున్నరు."

"ఆత్మయితే దాని జోలికి పోను. మనిషయితే మాట్లాడి వస్తాను."

ఫోను లైటు వేసుకుని ఎక్కింది. మొదటి మలుపు... రెండో మలుపు... ఏడుపు అన్ని వైపుల నుంచీ వస్తోంది. అయినా హిమజ ఆగలేదు.

మూడో మలుపులో — ఏడుపే ఆగిపోయింది.

చీకట్లోంచి ఒక మగగొంతు, మెల్లగా...

"హిమజా... ఇంకొంచెం ఏడువమ్మా."

ఫోను జారిపడింది. తీద్దామని వంగింది.

ఏడుపు మళ్లీ మొదలైంది. ఈసారి చెవి రిక్కించి వింది. ఆ ఎక్కిళ్లు... ఆ ఊపిరి తీసుకోవడం... తనవే. పదేళ్ల కిందట రవిచంద్ర తీసిన దెయ్యం సినిమాకి తాను ఏడ్చిన ఏడుపు. ఆ మగగొంతు సౌండ్ ఇంజనీరుది. ఇన్నాళ్లూ అంతవరకూ నిలబడి విన్నవాళ్లే లేరు.

ఫోను తీసుకుని, ఏడుపు వస్తున్న చోట గోడ మీది ప్లైవుడ్ అంచు పట్టి ఊడలాగింది. చిల్లుల ఇటుకల ముందు చిన్న స్పీకరు. వైరు పీకేసి, అక్కడినుంచే రవిచంద్రకి ఫోను చేసింది.

"మీ బండ దగ్గర ఏడుస్తున్నది నేనేనండీ."

స్పీకరుని బండ మీద పెట్టి, తనే మళ్లీ అంది.

"ఆ సినిమా చూసి ఒక్కరూ జడుసుకోలేదు. ఇక్కడైనా నలుగుర్ని జడిపించారు, సంతోషం. కానీ ఇంజనీరు మాట కత్తిరించడానికి కూడా బద్ధకమేనా? ... నేను ఖాళీ చెయ్యను."