అమ్మ రక్తం చెప్పిన మాట

ఆ రోజు పొద్దున ఆ ఇంట్లో ఉన్నది ఐదుగురు. కడుపు కేన్సర్‌కి ఆపరేషన్ చేయించుకుని వచ్చి ఇంకా పూర్తిగా కోలుకోని రోసియామి, ఆమె భర్త థన్‌జామా, ఐజాల్ పట్నంలో నర్సుగా పనిచేస్తూ నాలుగు రోజుల కిందట సెలవు మీద వచ్చిన పెద్దకొడుకు బియాకా, పొయ్యి పక్క పీట మీంచి కదలని ఆడపడుచు జోపారి, వీళ్ళందరి మధ్య ఎవరికీ అడ్డం రాకుండా తిరిగే కూతురు ఫేలి. పొద్దుటి అన్నాలు పూర్తయ్యేసరికి మాత్రం గుమ్మం బయట చెప్పులు కింది మెట్టుదాకా పాకాయి. వచ్చినవాళ్ళు వచ్చినట్టే చాపల మీద సర్దుకుని కూర్చున్నారు. ఎవరి చేతులూ ఖాళీగా లేవు. గుమ్మడికాయ, పంచదార పొట్లం, అరటి గెల.

రోసియామి ఒక్కచోట నిలవలేకపోతోంది. చిక్కుడు గింజలు ఏరడం మొదలుపెట్టింది, మధ్యలో వదిలేసింది. మడిచిన దుప్పట్లనే మళ్ళీ విప్పి మడిచింది. వచ్చినవాళ్ళ ముఖాలను ఒక్కొక్కటిగా చూస్తోంది.

పక్కింటి కిమి సంచీలోంచి ఒక కోడి తల బయటపెట్టింది.

"ఇదేంటే కిమీ, గుడ్లు పెట్టే కోడి కదా ఇది!" అంది రోసియామి.

"పెట్టడం మానేసిందిలే అక్కా. సూపు కాచుకుని తాగు. బలం వస్తుంది."

"మొన్నటికి మొన్న ఒక్క గుడ్డు బదులడిగితే నాలుగుసార్లు గుర్తుచేశావు. ఇవాళ ఏకంగా కోడినే తెచ్చావా?"

అందరూ నవ్వారు. కిమి కూడా నవ్వబోయింది కానీ, ముఖం పక్కకి తిప్పుకుంది. గబుక్కున లేచి, మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వెళ్ళిపోయింది. రోసియామి ఆమె వెళ్ళిన వైపే చూస్తూ ఉండిపోయింది.

"నేను లేచి తిరుగుతుండగానే ఇంతమంది వచ్చారంటే, నాకు చెప్పకుండా నన్నెప్పుడో పూడ్చేసి ఉంటారు," అంది తేలిగ్గా. ఈసారి ఎవరూ నవ్వలేదు.

పాలు లేని టీ, బెల్లం ముక్కలు పళ్ళెంలో పట్టుకుని ఫేలి చాపల మధ్య తిరుగుతోంది. తలెత్తితే తల్లి కళ్ళు పట్టేసుకుంటాయని తెలుసు. అందుకే పళ్ళేన్ని తప్ప దేన్నీ చూడడం లేదు.

"ఫేలీ, ఇలా రా."

వెళ్ళింది. రోసియామి గొంతు తగ్గించింది.

"నిన్న చర్చిలో ఏం ప్రార్థన చేశారు?"

"జబ్బుగా ఉన్న అందరి కోసం."

"ఆ అందరిలో నేనెంత?"

ఫేలి పళ్ళెంలో కప్పులు సర్దింది. ఎవరితోనూ పెద్దగా మాట్లాడని పిల్ల కాబట్టి అబద్ధం ఆడడం ఆమెకు అలవాటు కాలేదు. "టీ అయిపోయిందమ్మా," అని వెనక వసారాలోకి పారిపోయింది.

ఫేలి నిన్న ఆ ప్రార్థన మొత్తం విన్నది. పాటలు పాడే అమ్మాయిల వరసలో నిలబడి, చేతిలో పుస్తకం అలాగే పట్టుకుని విన్నది. చర్చి పెద్ద ఖువాంగా కళ్ళు మూసుకుని, చర్చంతా మారుమోగేలా అన్నాడు. "ప్రభువా, మా చెల్లి రోసియామి రక్తాన్ని వైద్యులు చూసి, ఆమె రోజులు కొద్దివని అంటున్నారు. ఆ రక్తపు లెక్క నీ చేతిలో ఉంది." చుట్టుపక్కల వాళ్ళంతా ఆమెన్ అన్నారు. ఫేలికి మాత్రం నోరు రాలేదు. ఇంట్లో ఎవరూ తనకు చెప్పని మాట, ఊరంతటికీ ఒకేసారి తెలిసిపోయింది.

ఆపరేషన్ తరవాత ఐజాల్ ఆసుపత్రిలో రోసియామి రక్తం తీసుకున్నారు. అందులో తెల్లకణాలు ఎంత పాళ్ళలో ఉన్నాయి, మాంసకృత్తులు ఎంత, కేన్సర్‌కి గుర్తుగా పెరిగే పదార్థం ఎంత అని చూసి, అలాంటి రక్తం ఉన్నవాళ్ళు ఎన్నాళ్ళుంటారో ముందే అంచనా కట్టవచ్చా అని అక్కడి డాక్టర్లు పరిశీలిస్తున్నారు. రోసియామి వెంటనే చెయ్యి చాపింది. ఒకే ఒక్క షరతు పెట్టింది. "నా రక్తం ఏం చెప్పిందో నాకు చెప్పాలి." ఆ జవాబే బియాకా తెచ్చాడు. తల్లి దగ్గరకు వెళ్ళకముందే తండ్రి అతన్ని ఆపేశాడు. ఆపి, తాను మోయలేక ఖువాంగాతో చెప్పుకున్నాడు.

వసారాలో థన్‌జామా కట్టెలు కొడుతున్నాడు. గోడవారగా వానాకాలానికి సరిపడా కట్టెలు పేర్చి ఉన్నాయి. అయినా కొడుతూనే ఉన్నాడు. బియాకా మెట్టు మీద కూర్చుని గోళ్ళు కొరుక్కుంటున్నాడు. జోపారి అప్పుడే పీట వదిలి వచ్చి, నడుము దోపులోంచి పొగాకు నీళ్ళ సీసా తీసి ఒక గుక్క పుక్కిట పట్టింది.

"అమ్మ అడుగుతోంది," అంది ఫేలి.

గొడ్డలి ఆగలేదు.

"నాన్నా, అమ్మ నన్ను అడుగుతోంది."

"అంతా బాగుందని చెప్పు."

"నాకు అలా చెప్పడం రాదు."

"రాకపోతే నేర్చుకో. రేపు పొద్దున ఐజాల్ వెళ్ళే సుమో ఎక్కాలి మీ అమ్మ. ఆ మందు ఇంకా చాలాసార్లు ఎక్కించుకోవాలి. మొదటిసారికే పేగులు బయటికొచ్చేలా వాంతి చేసుకుంది. ఈ మాట తెలిస్తే బండి ఎక్కుతుందా? 'ఎందుకొచ్చిన బాధ, ఇంట్లోనే ఉంటా' అంటుంది. నాకు తెలుసు మీ అమ్మ సంగతి."

జోపారి పొగాకు నీళ్ళు ఉమ్మేసి మూతి తుడుచుకుంది. "ఏడాది పొడుగునా పెదవి విప్పని పిల్ల, ఇవాళ చూడు, ప్లీడరులా వచ్చి నిలబడింది. మీ నాన్న ఎందుకు దాస్తున్నాడో నీకేం తెలుసే? లోపలికెళ్ళి కప్పులు కడుక్కో, పో."

ఫేలి కదల్లేదు. లంగా అంచును పిడికిట్లో బిగించి పట్టుకుంది.

"అన్నా, ఆ లెక్క ఏమంది?"

బియాకా తండ్రి వైపు చూశాడు. "మూడు వరసలుగా పెడతారు. అమ్మది కింది వరస. ఆ వరసలో ఉన్నవాళ్ళలో రెండేళ్ళు దాటినవాళ్ళు తక్కువ." ఆగి, గబగబా కలిపాడు. "అలాగని అది అమ్మ గురించి చెప్పినట్టు కాదు ఫేలీ. అమ్మలాంటి రక్తం ఉన్న చాలామంది గురించి చెప్పింది. దాటినవాళ్ళూ ఉన్నారు. అమ్మ ఎందులో ఉంటుందో ఆ లెక్కకి తెలీదు. మందు పనిచెయ్యదనీ అది అనలేదు."

"చూశావా!" థన్‌జామా గొడ్డలి మొద్దులో దింపాడు. "అమ్మ గురించి కాదట. మరి అమ్మకెందుకు చెప్పడం?"

"అయితే ఖువాంగా మామకెందుకు చెప్పావు?"

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఫేలికే నమ్మకం కలగలేదు. కానీ ఒకసారి మొదలయ్యాక ఆగలేదు.

"కిమి పిన్నికి తెలుసు. బడిలో నా పక్కన కూర్చునే పిల్లకి తెలుసు. రోడ్డు మీద కొట్టతనికి తెలుసు, పొద్దున నా దగ్గర ఉప్పుకి డబ్బులు తీసుకోలేదు. లోపల కూర్చున్నవాళ్ళందరికీ తెలుసు. తెలియనిది అమ్మకొక్కదానికే. రక్తం అమ్మది నాన్నా. ఊరంతా చూడ్డానికి వచ్చింది, అమ్మ ఒక్కతే చూడకూడదా?"

"చెయ్యెత్తేదాకా తెచ్చావు నన్ను," అన్నాడు థన్‌జామా. కానీ ఆ చెయ్యి లేవలేదు. కొట్టిన కట్టెల మీద కూలబడి రెండు అరచేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. "గుట్టుగా ప్రార్థించమన్నాను. ఆయన గొంతు సంగతి తెలిసీ చెప్పాను. నేను మాత్రం ఎవరితో చెప్పుకోను? ప్రతి చిన్న మాటా మీ అమ్మతోనే చెప్పుకునేవాణ్ణి. ఈ ఒక్కటీ మీ అమ్మతో చెప్పుకోలేనిదై కూర్చుంది."

జోపారి సీసాకు మూత బిగించి, తమ్ముడి వీపు మీద చెయ్యి వేసింది.

ఫేలికి కోపమంతా ఎక్కడికో పోయింది. తండ్రి ఏడవడం ఆమె ఇంతకుముందు చూడలేదు. దగ్గరికి వెళ్ళాలా, వెళ్ళకూడదా అని తేల్చుకోలేక నిలబడింది.

"గొడ్డలి చప్పుడు ఆగిందేమిటా అనుకున్నాను."

వసారా గుమ్మంలో రోసియామి నిలబడి ఉంది. వదులైపోయిన రవిక మీద శాలువా కప్పుకుంది. ఎంతసేపటి నుంచి వింటోందో ఎవరికీ తెలియలేదు.

"బియాకా నాన్నా," అంది భర్తతో, "నా పేరు పెట్టి దేవుడికి ఫిర్యాదు చేశారట. ముందు నాకు చెప్పి ఉంటే, ఖువాంగాని కాస్త మెల్లగా అరవమనేదాన్ని కదా."

థన్‌జామా ముఖం ఎత్తలేదు. "బండి ఎక్కనంటావేమోనని..."

"ఏం వినకుండానే నన్ను ఎక్కిస్తారా? నేనేమన్నా కూరగాయల మూటనా?" గొంతు ఒక్క క్షణం గట్టిపడి, మళ్ళీ మెత్తబడింది. "లే. నాలుగు రోజులుగా నా వైపు చూడకుండా అన్నం తింటున్నావు. నీకు జబ్బు చేసిందేమోనని భయపడ్డాను నేను."

ఆయన లేచాడు. తల వంచుకునే కొడుకుతో అన్నాడు. "చెప్పు బియాకా. ఏదీ దాచకు."

"ఇక్కడ కాదు," అంది రోసియామి. "లోపల గదిలో. వదినా, నువ్వు వచ్చినవాళ్ళతో కూర్చో. ఇంకో కోడి వస్తే వద్దనకు."

జోపారి కళ్ళు తుడుచుకుంటూ నవ్వి, ముందు గదిలోకి వెళ్ళింది. మిగిలిన ముగ్గురూ పడకగది వైపు నడిచారు. ఫేలి కూడా వాళ్ళ వెనకే నడిచింది. బియాకా లోపలికి వెళ్ళాడు, థన్‌జామా వెళ్ళాడు. రోసియామి మాత్రం గుమ్మంలో వెనక్కి తిరిగింది.

"నువ్వు బయట ఉండు."

ఫేలికి అర్థం కాలేదు. "నేనే కదమ్మా చెప్పమన్నది?"

"విన్నాను. ఈ ఇంట్లో నా తరఫున మాట్లాడింది నువ్వొక్కదానివే." రోసియామి కూతురి చెవి వెనక జుట్టు సర్దింది. వేళ్ళు చల్లగా ఉన్నాయి. "నీకు నేనే చెబుతాను. ముందు నన్ను విననీ."

"అంతా చెబుతావా?"

రోసియామి కూతురి ముఖంలోకి చూసింది. ఎంత చెబితే ఈ పిల్ల తట్టుకుంటుందో తూస్తున్నట్టు, ఏది వదిలేస్తే ఇవాళ్టికి నిద్రపోతుందో వెతుకుతున్నట్టు చూసింది. ఆ చూపు ఫేలికి కొత్తది కాదు. నాలుగు రోజులుగా తండ్రి కళ్ళలో అదే చూపు ఉంది. దాన్ని ఆమె పిరికితనం అనుకుంది. ఇప్పుడు అదే చూపు తన మీద పడితే తెలిసింది, అది పిరికితనం కాదని. కళ్ళ ముందు తల్లి ముఖం మసకబారింది.

"పరవాలేదమ్మా," అంది. "నువ్వు ఎంత చెప్పాలనుకుంటే అంతే చెప్పు."

రోసియామి ఆమె చెంప మీద ఒకసారి తట్టి, లోపలికి అడుగుపెట్టి, తలుపు మూసింది.