పితృస్థానంలో కూర్చునే మనిషి

పొద్దున్నే వంటింట్లో కృష్ణాబాయి జొన్నరొట్టె తట్టే చప్పుడు మొదలైంది. ముందుగదిలో ఆమె భర్త శ్రీపాదరావు ఆ చప్పుడు తనకోసం కానట్టే మడిపంచె సంచిలో సర్దుకుంటున్నాడు. ఎమ్మిగనూరులో బిందుమాధవరావు తండ్రి తిథి. పితృస్థానంలో కూర్చుని భోంచేయడానికి ఈయన పోవాలి.

ఆదోని చుట్టుపక్కల తద్దినానికి భోక్త కావాలంటే అందరూ ముందు ఈయన పేరే చెబుతారు. పాపం, వేదం అబ్బలేదు, వ్యాపారం అచ్చిరాలేదు. పోయినవాళ్ళ తరఫున విస్తరి ముందు కూర్చోవడం మాత్రం ఏళ్ళ తరబడి నమ్మకంగా చేస్తున్నాడు. గారెలు, నెయ్యి, లడ్లు, పాయసం, మళ్ళీ పాయసం. చుక్క మందు ముట్టని మనిషికి కాలేయం కొవ్వు పట్టి గట్టిపడిందంటే ఇంట్లో ఎవరూ నమ్మలేదు. కర్నూలు డాక్టరు నమ్మించి పంపాడు. చెడింది పూర్తిగా బాగుకాదని, మిగిలింది నిలవాలంటే తిండి మార్చి నడవాలని చెప్పాడు.

బడిలో పంతులమ్మగా పనిచేసే కూతురు కృతి బయలుదేరుతూ సంచి చూసింది.

"అప్పా, యాడికి పోతాండావు?"

"ఎమ్మిగనూరుకు. కొంచెమే తింటాలేమ్మా."

"గోనెగండ్లకు పోయినప్పుడూ ఇదే మాట అన్నావు. కాళ్ళు ఉబ్బి, చెప్పులు చేత్తో పట్టుకొని బస్సు దిగినావు."

శ్రీపాదరావు సంచి మూతి బిగించాడు. గోనెగండ్లలో నిజంగానే నాలుగు ముద్దలు తిని చేయి ఆపాడు. ఆ ఇంటావిడ గుమ్మం పట్టుకొని భోరుమంది. చచ్చిపోయిన భర్త తన ఇంట్లోంచి ఆకలితో వెళ్ళిపోతున్నాడని ఆమె బాధ. చూడలేక విస్తరి మొత్తం ఖాళీ చేశాడు, ఇంకో లడ్డు అడిగి మరీ వేయించుకున్నాడు. ఇంటికొచ్చి ఆ సంగతి గొప్పగా చెప్పుకున్నాడు కూడా. ఇలాంటి మంచితనానికి ఏ డాక్టరు దగ్గర మాత్రం మందు ఉంటుంది!

కృష్ణాబాయి పిండి చేతులతోనే వచ్చి తలుపుకు అడ్డం నిలబడింది.

"పోవద్దు."

"తప్పుకో. మాట ఇచ్చినాను."

"డాక్టరుకూ ఇచ్చినారు గదా."

ఆయనకు కోపం ముంచుకొచ్చింది. "పొద్దున రొట్టె, రాత్రి రొట్టె, సాయంత్రం నడక. ఇదేమి బతుకు? ఈ ఊర్లో నాకేమి చేతనైందని? ఆ పూట ఒక్కటే పెద్దోళ్ళు చిన్నోళ్ళు నా కాళ్ళకు మొక్కుతారు, తినమని బతిమాలుతారు. అది కూడా తీసేస్తే ఇంక నేనెవుర్ని?"

కృష్ణాబాయి పక్కకు తప్పుకుంది.

"సరే, పోండి. పోయే ముందు ఒక్కటి చెప్పి పోండి. మీ తిథికి ఏమేమి వండాల?"

"అమ్మా!" కృతి తల్లి భుజం పట్టుకుంది.

"ఉండవే, నేను తెలుసుకోవాల గదా. పాయసం బియ్యంతోనా, శనగబేళ్ళతోనా? మీ స్థానంలో ఎవుర్ని కూర్చోబెట్టాల? ఆయనకూ మీ మాదిరే లోపల రోగముంటుందేమో. ఉంటే నాకేమి? నేనూ ఆ గోనెగండ్లామె మాదిరే గుమ్మం పట్టుకొని ఏడుస్తాను, తినండి తినండి అని. మీ కడుపు నింపేదానికి ఇంకొకామె మొగుణ్ణి చంపుతాను. పోండి మరి!"

ఆసుపత్రిలో కూడా కంటతడి పెట్టని మనిషి గడప మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

శ్రీపాదరావు ఎన్నో ఇళ్ళలో, ఎందరో పెళ్ళాం బిడ్డల ఏడుపు విస్తరి ముందు కూర్చుని చూశాడు. ఒకనాడు తన పెళ్ళాం కూడా అట్లా నిలబడాల్సి వస్తుందని ఆయనకు ఎన్నడూ తట్టలేదు. అది ఎంతో దూరంలో లేదని ఇప్పుడు తెలిసింది. సంచి కింద పెట్టి వంటింట్లోకి పోయాడు. రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాడు.

పొద్దున్నే ఎంగిలి పడిన మనిషి ఇక ఆ రోజు భోక్తగా పనికిరాడు. తల్లీ కూతుళ్ళకు ఆ సంగతి తెలుసు.

ఆయన ఫోన్ చేశాడు. "బిందుమాధవా, ఎంగిలి పడినాను. రాలేను."

"ఇప్పుడు చెబితే ఎవుర్ని తెచ్చేది స్వామీ? మా నాయన పస్తు పోవాల్నా?"

"తప్పైంది నాయనా. ఇంక నన్ను ఎవురూ పిలవొద్దని చెప్పు."

ఫోన్ పెట్టేసి నేల మీద కూర్చున్నాడు. కృష్ణాబాయి కళ్ళు తుడుచుకొని వచ్చి కాసింత ఆకుకూర వడ్డించి, పక్కనే కూర్చుంది.

"తగ్గుతుందా కృతీ?" అని అడిగాడు చిన్నపిల్లాడిలా.

అవునని అబద్ధం చెప్పాలనిపించినా కృతి నిజమే చెప్పింది.

"తగ్గదప్పా. ఇంతకంటే ముదరకుండా చూసుకుందాము."

ఆయన తలూపాడు. తన వల్ల ఎమ్మిగనూరులో ఈ పూట ఒక తండ్రి ఆకలితో తిరిగిపోతాడని కుమిలిపోతూనే, కన్నీళ్ళు కారుతుండగా ఆ రొట్టె చివరిదాకా తిన్నాడు.