మఠం ఇవ్వని నిప్పు

మేడికొండ దుర్గంలో ఏ ఇంటి కప్పు మీదా పొగ లేదు. ఏనుగుల ఘీంకారాలతో, అంగళ్ళ కోలాహలంతో కునుకెరగని ఆ రాజధాని నానబెట్టిన బియ్యం నములుతూ మఠం వైపు చూస్తోంది. రాజు మరణిస్తే ఊళ్ళో పొయ్యిలన్నీ ఆర్పాలి. మఠం హోమగుండం నుంచి తెచ్చిన నిప్పుతో చితి రగిలాకే మళ్ళీ వెలిగించుకోవాలి. అది ఆచారం. వల్లభదేవుడు కన్నుమూశాడు. మఠం నిప్పు ఇవ్వనంది.

ఎందుకో రాణి గుండసానికి తెలుసు. సైన్యం పోషణకని భర్త మఠం గ్రామాలను వెనక్కి తీసుకున్నాడు. బతికుండగా అతణ్ణి లొంగదీయలేని మఠాధిపతి ఈశానశివ గురువు ఇప్పుడు శవం మీద పగ తీర్చుకుంటున్నాడు.

సభలో గురువు సింహాసనం పక్కనే పీట వేయించుకున్నాడు. "అమ్మా, నీవు సహగమనానికి ఒప్పుకుంటే ఈ క్షణమే నిప్పు వస్తుంది. పసివాడైన యువరాజునూ రాజ్యాన్నీ మఠం కాపాడుతుంది. నీ పాతివ్రత్యాన్ని శిల మీద చెక్కిస్తాను."

"రాయి కూడా చూసుకునే వచ్చారన్నమాట," అంది గుండసాని. "మా ఆయన జ్వరంతో పోయాడు స్వామీ. నాకు జ్వరం లేదు."

కత్తులు కట్టుకున్న సామంతులందరూ నేల చూపులు చూశారు. సేనాని బొల్లమ నాయకుడొక్కడే ముందుకొచ్చాడు. "ఆజ్ఞ ఇవ్వండి దేవీ, మఠం తలుపులు బద్దలు కొడతాను."

"వద్దు నాయకా. నాతో రా."

ఆమె కాలినడకన సాలెవాడకు వెళ్ళింది. గురువు శిష్యులు ఇల్లిల్లూ తిరిగి పొయ్యిల్లో నీళ్ళు కుమ్మరించారు గాని, అంటు అని పురిటి గది గడప తొక్కలేదు. బిడ్డను కన్న మనిషి గనక ఆ సంగతి గుండసానికి తట్టింది. అక్కడ ఒక సాలె ఇంట్లో బాలింత మంచం కింద కుంపటి ఎర్రగా ఉంది.

"పురిటి నిప్పమ్మా, రాజుగారికి పనికొస్తుందా?" అంది మంత్రసాని ఎర్రక్క.

"ఆయన పుట్టినప్పుడు వెచ్చగా కాచింది ఇలాంటిదే కదే."

శ్మశానంలో గురువు అడ్డం నిలబడ్డాడు. "ఆ మైల నిప్పుతో కాలినవాడికి కైలాసం లేదు."

"ఆయన ఎక్కడికెళ్ళినా నేను తరవాత తీరిగ్గా వెళ్ళి కలుస్తాను. తప్పుకోండి."

గురువు సైగ చేశాడు. మఠం భటుడి శూలం రాణి వైపు లేచింది. మధ్యలోకి వచ్చిన బొల్లమ నాయకుడి భుజంలో దిగింది. అతను కదలలేదు. అతని వెనక నుంచే ఆమె చితికి నిప్పంటించింది.

మంట లేచాక ఎర్రక్క కుంపటి పట్టుకుని నిలబడింది. మొదట ఒక ముసలామె మూకుడు చాచింది. ఆ తరవాత వాడవాడలా ఆడవాళ్ళు పిడకలు తెచ్చి అంటించుకుపోయారు. పొద్దుగూకేలోగా ఊరంతా అన్నం ఉడికింది.

మఠంలో హోమగుండం మండుతూనే ఉంది. దాని కోసం ఎవరూ వెళ్ళలేదు.