నల్లబడుతున్న వేళ్లు

ఏలూరు పవర్‌పేటలో ఒక మందుల దుకాణం మీది మేడగది డిటెక్టివ్ వెంకట్రాజు ఆఫీసు. ఆ ఉదయం ఆయన సహాయకురాలు నిస్సీ తలుపు తీయడానికి వచ్చేసరికే మెట్ల మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్లుంటాయి. గడ్డం మాసిపోయింది, ఎడమ దవడ కాస్త వాచి ఉంది, ఒళ్లో ఒక స్టీలు ఫ్లాస్కు. లోపలికి రమ్మన్నా లేవడానికి జంకాడు.

అతని పేరు కృపానందం. ఆకివీడులో చేపల లారీ డ్రైవరు. భార్య సూరమ్మ అక్కడే ప్యాకింగ్ షెడ్డులో ఇరవై ఏళ్లుగా పెట్టెల్లో ఐసు, చేపలు సర్దే పని చేస్తోంది. ఐదు రోజుల కిందట ఆమె వేళ్లు తిమ్మిరెక్కాయి. తర్వాత పాలిపోయాయి. ఐసులో పని కదా, మామూలే అనుకున్నారు. ఇప్పుడు ఏలూరులోనే ఒక ఆసుపత్రిలో ఉంది. కుడిచేతి వేళ్లు నల్లబడుతున్నాయి. రేపు పొద్దుటికి రక్తం ఆడకపోతే మణికట్టు దాకా తీసేస్తామన్నారు.

"ఆ జెస్సీ ఏదో పెట్టిందండి," అన్నాడు కృపానందం. "షెడ్డులో సూపర్‌వైజరండి. అందరికీ టీ తనే పోస్తుంది. ఆసుపత్రికొచ్చినా నన్ను చూస్తే తలొంచుకుని పోతుందండి. కంప్లయింటు రాసి జేబులో పెట్టుకున్నాను. రుజువు లేకపోతే తీసుకోం అంటున్నారండి పోలీసులు."

వెంకట్రాజు ముప్పై ఏళ్లు డ్రగ్స్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. పెళ్లి భోజనంలో పెరుగు వడ్డించినా ఎక్స్‌పైరీ తేదీ అడుగుతారని నిస్సీ ఎగతాళి చేస్తుంది గాని, ఆయన బుర్ర మీద ఆమెకు బోలెడు గురి. ఆయన తాపీగా ప్రశ్నలు మొదలుపెట్టారు. దవడ సంగతి అడిగితే, రెండు వారాల కిందట తాడేపల్లిగూడెంలో పన్ను పీకించుకున్నానని, తనకు పెన్సిలిన్ పడదంటే వేరే మాత్రలిచ్చారని చెప్పాడు. సూరమ్మ మందులేమైనా వాడుతుందా అంటే అడ్డంగా తలూపాడు. పది రోజుల కిందట దగ్గొచ్చినా మాత్ర మింగనని మొండికేసిందట. ఫ్లాస్కులో ఉన్నది దగ్గుకు తాను కాచిన అల్లం మిరియాల కషాయం.

"రెండు పూటలా నేనే తాగిస్తున్నానండి. ఇంకేం చేయగలనండి నేను," అన్నాడు. నిస్సీకి అతని మీద జాలి పొంగుకొచ్చింది.

ఆసుపత్రిలో డాక్టర్ స్నేహ కళ్లు నిద్రలేక ఎర్రబడి ఉన్నాయి. స్కానింగులో ఎక్కడా రక్తం గడ్డ కనబడలేదు. రక్తనాళాలే దారంలా సన్నబడిపోయాయి. సుగరు లేదు, పొగాకు అలవాటు లేదు. విషం పరీక్షకు పంపారు గాని రిపోర్టు రావడానికి వారం పడుతుంది, ఆ చేతికి వారం లేదు.

"పాదాలు కూడా చల్లగానే ఉన్నాయండి," అందామె. "ఎందుకో తెలిస్తే మందిస్తాను. తెలియకుండా చూస్తూ కూర్చున్నాను."

షెడ్డులో ఆడవాళ్లంతా మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు వేసుకుంటారు. పాదాలకు ఐసు తగలదు. కాబట్టి ఇది ఐసు చేసిన పని కాదని వెంకట్రాజు నిస్సీతో అన్నారు.

సూరమ్మ కిటికీ వెలుగు పడకుండా కొంగు కళ్ల మీదికి లాక్కుని పడుకుంది. నొప్పికి పళ్లు బిగపట్టి, మధ్యమధ్యలో వచ్చిన వాళ్లందరికీ శ్రమ ఇస్తున్నానని నొచ్చుకుంటోంది. తలనొప్పి ఎన్నాళ్లుగా ఉందని వెంకట్రాజు అడిగితే, అబ్బే, లేదండి అని మొహం పక్కకు తిప్పుకుంది. ఆ వేళ్ల వైపు చూడలేక నిస్సీ బయటికి వచ్చేసింది.

కైకలూరు మీదుగా ఆకివీడు చేరేసరికి పది దాటింది. జెస్సీ మొదట ఏమీ తెలియదంది. వెంకట్రాజు కోప్పడలేదు, గదమాయించలేదు. రేపు ఆ చెయ్యి తీసేస్తారని మాత్రం చెప్పారు. ఆమె గబగబా లాకరు తెరిచి ఒక మాత్రల అట్ట ఆయన చేతిలో పెట్టి ఏడ్చింది.

సూరమ్మకు పదేళ్లుగా ఒంటితలనొప్పి. వచ్చిందంటే చేపల వాసన, ట్యూబులైటు వెలుగు భరించలేక వాంతులు. ఆ మాత్ర వేసుకుంటేనే పనిలో నిలబడగలదు. రోజూ మింగకూడదని రెండేళ్ల కిందట ఒక డాక్టరు కేకలేస్తే, కృపానందం మాత్రలన్నీ చెరువులో పారేసి, ఇక ముట్టనని ప్రమాణం చేయించుకున్నాడు. అప్పటినుంచి జెస్సీయే కొని దాచి, టీతో పాటు రోజూ ఒకటి ఇస్తోంది. మానేస్తే తల పగిలిపోతోందని సూరమ్మ బతిమాలితే ఆసుపత్రికి కూడా చేతిరుమాల్లో కట్టి తీసుకెళ్లింది.

"చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకుందండి," అంది జెస్సీ. "పదేళ్లుగా పడిన మాత్రే కదండి."

అట్ట మీద ఎర్గోటమిన్ అని ఉంది. వెంకట్రాజు వెంటనే డాక్టర్ స్నేహకు ఫోన్ చేశారు. రక్తనాళాలను బిగించే మందే అది. కానీ పదేళ్లు రోజుకొకటి ఏమీ చేయనిది ఇప్పుడెందుకు చేసింది? అది ఆమెకూ అర్థం కాలేదు.

అక్కణ్నించి వాళ్లు కృపానందం ఇంటికి వెళ్లారు. అతని అక్క తాళం తీసింది. వంటింట్లో అన్ని ఇళ్లలోలాగే ఒక పాత బిస్కట్ల డబ్బా, నిండా మిగిలిపోయిన మాత్రలు. వాటిలో కత్తెరతో కోసిన అట్ట ముక్క ఒకటుంది. పేరున్న భాగం తెగిపోయింది, రెండు మాత్రలు మిగిలాయి. పక్కన మిరియాలు నూరే చిన్న రోలు. దాని అడుగున తెల్లటి పొడి అంటుకుని ఉండటం నిస్సీయే చూసింది. వెంకట్రాజు ఆ ముక్క పట్టుకుని వీధిలోకి వెళ్లి రెండు ఫోన్లు చేశారు. ఒకటి తాడేపల్లిగూడెం పళ్ల డాక్టరుకు. రెండోది ఆసుపత్రికి, బయటినుంచి వచ్చింది ఏదీ సూరమ్మ నోట్లోకి వెళ్లనివ్వద్దని. తిరుగు ప్రయాణమంతా ఆయన ఆ అట్ట ముక్కనే చూస్తూ కూర్చున్నారు. కేసు తేలినప్పుడు ఆయన అలా ఉండరు, అందుకే నిస్సీకి భయమేసింది.

మధ్యాహ్నం మూడింటికి డాక్టరు గదిలో అందరూ కూర్చున్నారు. కృపానందం జెస్సీకి ఎదురుగా, ఆమెను చూపులతోనే కాల్చేస్తున్నాడు.

వెంకట్రాజు ముందు తలనొప్పి మాత్ర సంగతి చెప్పారు. కృపానందం విసురుగా లేచాడు. "చెప్పాను కదండి, ఇదే చేసిందని."

"కూర్చోండి కృపానందం గారూ. ఈ మాత్ర ఒక్కటే అయితే పదేళ్ల కిందటే చెయ్యి పోయేది. ఏ రోజుది ఆ రోజు లివరు కరిగించి పంపేస్తుంది. ఈ వారం పంపలేకపోయింది. దాని పని ఆపే మందు ఇంకొకటి ఒంట్లోకి వెళ్లింది. అందుకని తలనొప్పి మందు పేరుకుపోయి, రక్తనాళాలు బిగుసుకున్నాయి. ఆసుపత్రికి వచ్చాక కూడా ఆ రెండోది ఆగలేదు." ఆయన కృపానందం దవడ వైపు చూశారు. "మీకు పన్ను పీకినప్పుడు పెన్సిలిన్ బదులు ఇచ్చింది ఎరిత్రోమైసిన్. నొప్పి తగ్గగానే మానేశారు. మిగిలినవి ఏం చేశారు?"

కృపానందం తడుముకోకుండానే చెప్పాడు. "దగ్గుకి మంచిదన్నారండి. మాత్రంటే మింగదు కదాని నూరి కషాయంలో కలిపానండి. తేనె కూడా వేశాను." చెబుతూ చెబుతూనే డాక్టరు వైపు చూశాడు. ఆమె తల దించుకుంది.

ముందే ఎందుకు చెప్పలేదని ఎవరూ అడగలేదు. కషాయంలో కలిపింది అతని లెక్కలో మందే కాదు. ఇంకో సంగతి కూడా వెంకట్రాజు చెప్పవలసి వచ్చింది. సూరమ్మ దగ్గు మాత్ర వద్దన్నది మొండితనంతో కాదు. చాటుగా ఒకటి మింగుతున్నాను, దాని మీద ఇంకోటి మంచిది కాదేమోనని భయపడిందట. వాళ్లందరిలో ఆమె ఒక్కతే జాగ్రత్తపడింది.

కృపానందం జేబులోంచి కంప్లయింటు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇందులో జెస్సీ పేరు కొట్టేసి నాది రాయండి," అన్నాడు. కాగితం ఎవరూ ముట్టుకోలేదు. జెస్సీ లేచి వచ్చి అతని పక్కన కూర్చుంది.

ఫోన్ వచ్చిన గంటలోనే సెలైనులో విరుగుడు ఎక్కించడం మొదలుపెట్టారు. సాయంత్రానికి పాదాలు వెచ్చబడ్డాయి, ఎడమ చేతికి రంగు తిరిగింది. కుడి అరచెయ్యి దక్కుతుంది, నాలుగు వేళ్లు మాత్రం దక్కవని డాక్టర్ స్నేహ చెప్పింది. నిన్న వచ్చి ఉంటే అని నిస్సీ అడగబోయి, వెంకట్రాజు మొహం చూసి మానేసింది.

ఆపరేషనైన రెండో రోజు నిస్సీ చూడ్డానికి వెళ్లింది. సూరమ్మ దిండుకు ఆనుకుని కూర్చుంది. ఒక చేతికి కట్టు, ఒక చేతికి సెలైను. అన్నం పళ్లెం ముందు పెట్టుకుని కృపానందం తల వంచుకుని ఉన్నాడు. నిస్సీని చూడగానే లేచి, "మీరు పెట్టండమ్మా, నా చేత్తో వద్దు," అన్నాడు.

సూరమ్మకు అప్పటికే అంతా చెప్పేశారు. ఆమె నిస్సీ వైపు చూసి, "ఆయన్నే పెట్టమనండి. ఆకలేస్తోంది," అంది.

కృపానందం పప్పన్నం కలిపాడు. ముద్ద ఎత్తాడు, చెయ్యి మధ్యలో ఆగిపోయింది. మొదటి ముద్ద తన నోట్లో పెట్టుకుని నమిలి మింగాడు. తర్వాత తన వేళ్ల వైపు చూసుకుంటూ చాలాసేపు అలాగే కూర్చున్నాడు. సూరమ్మ తొందరపెట్టలేదు. అతను రెండో ముద్ద కలిపేదాకా నోరు తెరిచి ఎదురుచూసింది.