గొట్టంలో మూడు దెబ్బలు

మా సైలీషియా బొగ్గుగనుల సీమలో జనవరి అంటే సాయంత్రం నాలుగింటికే చీకటి. ఆ రోజు మా ఆవిడ ట్రూడా వంటింట్లో బంగాళాదుంప ఉండలు చేస్తోంది. నేను పేపరు అడ్డం పెట్టుకుని కునుకు తీస్తున్నాను. ఉన్నట్టుండి మెలకువ వచ్చింది. కింద నేలమాళిగలో పొయ్యి చప్పుడు ఆగిపోయింది.

మా బొగ్గు పొయ్యికి పక్కనే ఒక తొట్టి ఉంటుంది. తొట్టి కింద ఇనుప గొట్టం, గొట్టంలో తిరిగే పెద్ద స్క్రూ. నిమిషానికోసారి మోటారు గుర్రుమని ఆ స్క్రూని తిప్పి గుప్పెడు బొగ్గు మంటలోకి తోస్తుంది. ఆ చప్పుడు ఉన్నంతసేపూ ఎవరికీ వినబడదు.

"ఎర్విన్, నీ పొయ్యి చచ్చింది," అంది ట్రూడా.

"బతికున్నన్నాళ్లూ మనది, చచ్చాక నాదా?"

"కబుర్లు తర్వాత. బయట మైనస్ పద్దెనిమిది. వెళ్లి చూడు."

కిందికి దిగాను. తడి బొగ్గు వాసన, గంధకం వాసన. ముప్పై ఏళ్లు గనిలో పనిచేసిన ముక్కుకి అవే ఇంటి వాసనలు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ట్రూడాకి ఒక్కడే తమ్ముడు, లోయిజెక్. పదకొండేళ్ల కిందట గనిలో మంట లేచినప్పుడు మరో ఇద్దరితో కలిసి లోపల ఉండిపోయాడు. నేను రక్షక దళంలో ఉన్నాను. మంట పాకకుండా ఆ సొరంగానికి అడ్డంగా జిప్సం గోడ కట్టి మూసేశాం. ఇంటికి రాగానే ట్రూడా నా చొక్కా పట్టుకుని ఒకటే అడిగింది. "లోపల్నుంచి ఏమైనా వినబడిందా?" లేదన్నాను. ఆ ఒక్క మాట మీదే మా కాపురం నిలబడింది. ఆ మాట అబద్ధం.

మా గనిలో ఒక పద్ధతి ఉండేది. చిక్కుకున్నవాళ్లు గాలి గొట్టాన్ని కొడతారు. ఎంతమంది బతికుంటే అన్ని దెబ్బలు. బయటివాడు తిరిగి అన్నే కొడితే, వస్తున్నామని మాటిచ్చినట్టు. వెళ్లలేనివాడు కొట్టకూడదు. ఆ రోజు గోడకి ఆఖరి పూత వేస్తుంటే మూడు దెబ్బలు వినబడ్డాయి. "బండలు సర్దుకుంటున్నాయిలే," అన్నాడు మా నాయకుడు. నమ్మానని చెప్పను. తాపీ చేతిలో ఉంది, పని పూర్తి చేశాను. నేను తిరిగి కొట్టలేదు.

సరే, పొయ్యి సంగతి. మోటారు మూలుగుతోంది, స్క్రూ తిరగడం లేదు. ఏదైనా అడ్డం పడితే మోటారు పాడవకుండా ముందు విరిగే చిన్న పిన్ను ఒకటి ఉంటుంది. అది విరిగింది. కొత్తది వేశాను. అదీ టప్పున విరిగింది. ఇంకోటి వేస్తే అదీ అంతే. బుద్ధున్నవాడు ఇక్కడ ప్లగ్గు పీకి, తొట్టి ఖాళీ చేసి చూస్తాడు. నేను ప్లగ్గయితే పీకాను. తొట్టి జోలికి పోకుండా, మా గనివాళ్ల అలవాటే అంత, సుత్తి తీశాను.

గొట్టం మీద కొట్టాను. ఒకటి. రెండు. మూడు.

చెయ్యి దానంతటదే మూడు దగ్గర ఆగింది.

నిశ్శబ్దం...

టక్.

టక్.

టక్.

గొట్టం లోపల్నుంచి.

"చల్లబడుతున్న ఇనుము... సర్దుకుంటోందిలే," అన్నాను పైకే. ఆనాడు మా నాయకుడన్న మాటే నా నోట్లోంచి వచ్చింది.

భయం వెయ్యాలి. వెయ్యలేదు. పదకొండేళ్లుగా నాలో ఏదీ కదలడం లేదు. ఏడుపు లేదు, ఆకలి లేదు, మంచి నిద్ర లేదు. బకెట్టు తెచ్చి తొట్టిలో బొగ్గంతా తోడాను. అడుగున స్క్రూ దగ్గరికి చెయ్యి పెట్టాను. గట్టిగా ఏదో తగిలింది. అటూ ఇటూ ఊపి పైకి లాగాను.

తెల్లటి జిప్సం ముక్క. పిడికిలంత ఉంది. ఒకవైపు నున్నగా తాపీ పూత. ఎడమకి వాలే ఆ పూత నాదే, నా చేతివాటం నాకు తెలియదా? రెండోవైపు నాలుగు గీతలు. గోళ్లతో లోతుగా గీకినవి... గీతల్లో తడి ఇంకా ఆరలేదు.

గొట్టంలోంచి వెచ్చటి గాలి నా మణికట్టుకి తగిలింది.

"బావా... విన్నావా?"

తిరిగి చూశాను. వెనక మెట్ల మీద పిండి చేతులతో ట్రూడా నిలబడి ఉంది.

"అది లోయిజెక్ గొంతు," అంది మెల్లగా.

"ట్రూడా, పైకి పద."

"ఆ రోజు కూడా కొట్టాడా?"

జిప్సం ముక్కని తొట్టి అంచున పెట్టాను. ఎన్నాళ్లని దాచను?

"కొట్టాడు," అన్నాను. "మూడు. ముగ్గురూ బతికే ఉన్నారు. నేను విన్నాను. విని మూసేశాను."

అరుస్తుందనుకున్నాను. కొడితే బాగుండుననిపించింది. ఆమె చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని, నా పక్కనున్న సుత్తి తీసుకుని, చల్లటి నేల మీద కూర్చుని గొట్టాన్ని కొట్టింది. ఒకటి... రెండు... మూడు.

పీకిన ప్లగ్గు నేల మీదే పడుంది. అయినా స్క్రూ తిరగడం మొదలుపెట్టింది.

ఆ రోజు నుంచి నేను తొట్టిలో ఒక్క పార బొగ్గు కూడా పొయ్యలేదు. పొయ్యి ఆరలేదు. ఇల్లు వెచ్చగా ఉంది. ట్రూడా నాతో మాట్లాడటం మానలేదు. "ఉప్పు సరిపోయిందా?" అని అడుగుతుంది. ఆమె మామూలుగా అడిగే ఆ మాటే నాకు మింగుడు పడటం లేదు. రోజూ సాయంత్రం నేలమాళిగలో గంగాళం నిండా వేడినీళ్లు, సబ్బు పెట్టి, తాడు మీద మూడు తువ్వాళ్లు వేసి వస్తుంది. పూర్వం షిఫ్టు దిగి వచ్చే మగవాళ్లకి మా ఆడవాళ్లు అలాగే పెట్టేవారు. వారం రోజులు పొద్దున్నే చూస్తే నీళ్లు పెట్టినవి పెట్టినట్టే ఉండేవి.

ఇవాళ పొద్దున కిందికి వెళ్లాను. నీళ్లు నల్లగా ఉన్నాయి. సబ్బు సగం అరిగింది. మూడు తువ్వాళ్లూ తడిసి మసిబారి ఉన్నాయి.

వాటి పక్కన నాలుగోది వేలాడుతోంది. పొడిగా, మడత నలగకుండా. గనిలో ఇచ్చే చారల తువ్వాలు. అలాంటివి ఇవ్వడం మానేసి పదేళ్లయింది.

"ఇది నువ్వు వేశావా?" అన్నాను.

"నేను మూడే వేశాను," అంది ట్రూడా.

దాని అంచు మీద మసివేలితో ‘బావకి’ అని రాసి ఉంది.